తంగేడు అచ్చు

సాయమ్మ చేతికి అచ్చు ఇవ్వడానికి ఏసయ్య మేస్త్రికి మూడేళ్లు పట్టింది. అప్పటిదాకా ఇసుక జల్లించడం, సిమెంటు మాలు కలపడం, నీళ్లు మోయడం, ఇవే ఆమె పనులు. కోరుట్ల చుట్టుపక్కల నున్నటి గచ్చు చేసే మేస్త్రీలకు కొదవ లేదు గానీ, తడి సిమెంటు మీద చెక్క అచ్చు అద్ది పువ్వులూ తీగలూ తేల్చే మనిషి ఆయనొక్కడే. ఆ గీర కూడా బాగానే ఉండేది ఆయనకు. ఆడకూలీ తాపీ ముట్టుకుంటే కట్టిన గోడ కూలిపోతుందన్నట్టు మాట్లాడేవాడు. ఇంట్లో కూతుర్ని నోరారా బిడ్డా అని పిలిచేవాడే, సాయమ్మను మాత్రం "ఏయ్" అనేవాడు.

సాయమ్మేమన్నా తక్కువ తిన్నదా! అందరూ సద్ది విప్పుకునే వేళ, మిగిలిన మాలును ఓ మూల పరిచి అచ్చు అద్ది చూసేది. తొందరపడితే బురద అచ్చుకు అంటుకుని లేచి పువ్వు మొహమంతా చెడిపోయేది. ఆలస్యమైతే అచ్చు దిగక అంచులు పొడిపొడిగా రాలేవి. ఒకసారి కిరసనాయిలు రాయడం మరిచిపోయి అచ్చు ఊడిరాక నానా యాతన పడింది. అది చూసి ఏసయ్య తిట్టిన తిట్లు ఇక్కడ రాసేటివి కావు. తిట్టి తిట్టి నోరు నొప్పి పుట్టాక అసలు సంగతి చెప్పాడు.

"గడియారం జూస్తే అయ్యేది కాదు. బొటనేలు అద్దు. గోరు మందం దిగాలె, తడి అంటొద్దు. గప్పుడే కొట్టాలె. గది దాటినంక దేవుడు దిగొచ్చినా పువ్వు రాదు."

ఆ తర్వాత ఆమె చేతికి తిరుగులేకుండా పోయింది. టేకుచెక్క ముక్క మీద తనే కూర్చుని తంగేడు పువ్వు చెక్కింది. అలాంటి అచ్చు ఆ చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేదు. సిరిసిల్లలో బట్టలు నేసే సాంచెల యజమాని రాజమౌళి ఇంటి వరండా అంతా ఆ పువ్వే పరిచింది. ఒక రేక ఎక్కువ లేదు, ఒక రేక తక్కువ లేదు. రాజమౌళి మురిసిపోయి, నీ చేతిలో ఏదో ఉందయ్యా అని ఏసయ్యను మెచ్చుకున్నాడు. ఏసయ్య మీసం దువ్వుకున్నాడు తప్ప, అది సాయమ్మ పని అని ఒక్క మాట అనలేదు. సాయమ్మకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట లోపలే పెట్టుకుంది.

ఆ రోజుల్లో అడవిలోని అన్నలు కబురు పంపితే రానని చెప్పే మేస్త్రి లేడు, పోయివచ్చానని చెప్పుకునే మేస్త్రీ లేడు. వీర్నపల్లి అవతల, తమలో చచ్చిపోయిన వాళ్ల పేరు మీద స్థూపం కట్టాలన్నారు. ఏసయ్య, సాయమ్మ పోయారు. రెండు రోజుల్లో స్థూపం లేచింది. మూడో రోజు చుట్టూ గచ్చు పోశారు. సాదాగా తుడిచెయ్యి, అచ్చు సంచిలోంచి తియ్యకు అని ఒకటికి రెండుసార్లు చెప్పి, కాళ్లు చేతులు కడుక్కోవడానికి ఏసయ్య బావికి పోయాడు.

సాయమ్మ ఊరికే బొటనవేలు అద్ది చూసింది. గోరు మందం దిగింది. తడి అంటలేదు. అంత చక్కటి అదును కళ్ల ముందు పోతుంటే ఆమె చెయ్యి ఆగలేదు. రాజమౌళి వరండా మీది కోపం కూడా కొంత తోడైంది. ఏసయ్య తిరిగొచ్చేసరికి స్థూపం చుట్టూ వరసగా తంగేడు పువ్వులు. ఆయన పరుగున వచ్చి తాపీ అందుకున్నాడు గానీ, అప్పటికే అన్నల్లో ఒకాయన అక్కడ నిలబడి చూస్తున్నాడు. బాగుంది, ఉండనీయండి అన్నాడు. ఇక చెరపడం ఎవరి తరం? ఏసయ్య తల పట్టుకుని కూర్చున్నాడు.

ఆరు నెలల తర్వాత పోలీసులు ఆ స్థూపాన్ని కూలగొట్టారు. కూలగొట్టించిన ఎస్సై మరుసటి వారం ఏదో పని మీద రాజమౌళి ఇంటికి పోయి, వరండాలో కుర్చీ వేసుకుని, చాయ్ తాగుతూ కిందికి చూశాడు. ఈ గచ్చు ఎవరు చేశారని అడిగాడు. పాపం, రాజమౌళికేం తెలుసు, గొప్పగా పేరు చెప్పాడు. పొద్దుగూకకముందే ఏసయ్య ఠాణాలో ఉన్నాడు.

తెల్లారి సాయమ్మ అచ్చును కొంగులో చుట్టుకుని ఠాణాకు పోయింది. పువ్వులు కొట్టింది తానేనని, మేస్త్రి వద్దన్నా కొట్టానని, ఆయన్ను వదిలి తనను పట్టుకొమ్మని చెప్పింది. ఎస్సై నవ్వి, లోపలి గదిలో కూలబడి ఉన్న ఏసయ్యను అడిగాడు. ఏసయ్య ఆమె వైపు చూడను కూడా చూడలేదు.

"గది ఇసుక మోసే కూలి సారూ. అచ్చు పట్టుడే రాదు దానికి."

తనను కాపాడటానికే ఆ మాట అన్నాడని సాయమ్మకు తెలుసు. తెలిసినా గుండెలో కలుక్కుమంది.

ఎస్సైకి సరదా పుట్టింది. ప్రహరీ గోడ కోసం తెప్పించిన ఇసుక, సిమెంటు ఆవరణలోనే ఉన్నాయి. వేసి చూపించు, అదే పువ్వు వస్తే వాణ్ణి వదిలేస్తా అన్నాడు. తను చూడకుండా దొంగవేషాలు వేస్తుందేమోనని అచ్చు తీసుకుని తన బల్ల మీద పెట్టుకున్నాడు.

సాయమ్మ మాలు కలిపింది. చాపంత గచ్చు పరిచి నున్నగా తుడిచింది. అంచున బొటనవేలు అద్దింది, సగం వేలు దిగింది. కాసేపాగి పక్కనే మళ్లీ అద్దింది, కొంచెం తక్కువ దిగింది. అంతలో జీపులో పెద్ద సారు వచ్చాడు. ఎస్సై ఆయనతో గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

మూడోసారి అద్దితే సరిగ్గా గోరు మందం. తడి లేదు. సాయమ్మ లేచి తలుపు దగ్గరికి ఉరికింది. జవాను తుపాకీ అడ్డం పెట్టాడు. ఇప్పుడే కొట్టాలి, అచ్చు ఒక్కటి ఇప్పించమని బతిమాలింది, కాళ్లు పట్టుకుంది. సార్లు మాట్లాడుకుంటున్నారు, కూర్చో అన్నాడు. అతనిది మాత్రం ఏం పోయింది? సిమెంటు ఎక్కడికైనా పారిపోతుందా అనుకున్నాడు. ఎండ నెత్తికెక్కుతోంది. నాలుగోసారి అద్దితే వేలిగీతలు మాత్రమే పడ్డాయి. ఐదోసారి అవీ పడలేదు. నీళ్లు చల్లితే పైపొర బురదవుతుంది తప్ప లోపల మెత్తబడదని ఆమెకు తెలుసు. గచ్చు పక్కన కూర్చుని, అది గట్టిపడటాన్ని చూస్తూ ఏడ్చింది.

పెద్ద సారు పోయాక ఎస్సై వచ్చి అచ్చు చేతికిచ్చాడు. సాయమ్మ కొట్టింది. రెండు కాళ్లతో ఎక్కి తొక్కింది. నాలుగు గీతలు పడ్డాయి, అంతే. ఇంకోసారి కలుపుతాను, పక్కనే నిలబడి చూడండి అని దండం పెట్టింది. ఎస్సై అప్పటికే జవాన్లతో నవ్వుతూ, వాణ్ణి జీపెక్కించమని చెప్పాడు.

ఏసయ్యను ఇద్దరు పట్టుకుని నడిపిస్తున్నారు. గచ్చు దగ్గరికి రాగానే ఆయన కాళ్లు ఆగిపోయాయి. ఏ ఇంటి ముందు గచ్చు కనపడినా అలా ఆగి చూడటం ఆయనకు అలవాటే. మధ్యలోని గీతల్ని చూడలేదు, అంచున ఉన్న వేలిగుర్తుల్ని వరసగా చూసుకుంటూ పోయాడు.

"మూడోదాని కాడ కొట్టేదుండె బిడ్డా," అన్నాడు మెల్లగా. "సక్కగొస్తుండె."

"నాకెర్కే మేస్త్రీ. అచ్చు ఆళ్ల కాడుండె."

తల ఊపాడు. జవాను వెనక నుంచి నెట్టాడు. జీపు జగిత్యాల దారి పట్టింది.

నాలుగో రోజు పేపర్లో వచ్చింది. ఎదురుకాల్పుల్లో ఒకడు చనిపోయాడని, వాడు చాలా ప్రమాదకరమైన మనిషని రాశారు. వాడకట్టులో చదువొచ్చిన ఓదెలు ఆ వార్తను సాయమ్మకు మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాడు. పువ్వు ఎవరు కొట్టిండ్రో ఏమన్న రాసిండ్రా అని అడిగిందామె. ఓదెలు మళ్లీ ఒకసారి వెతికి, లేదన్నాడు.