మైకుకు తొడిగిన గలీబు

“వెనకుండే ఖాళీ బండి ముందుకు రావాల. క్లీనరు దిగాల. డ్రైవరన్నా, ఇంజను ఆపాల.”

మైకులో ఈ నాలుగు ముక్కలూ చెప్పి యేసుప్రసాద్ కిటికీ అద్దాన్ని గుడ్డతో తుడిచాడు. ఎర్రగుంట్ల దగ్గరి ఆ సిమెంటు ఫ్యాక్టరీలో, లారీలు తూచే కాటా గదిలో పొద్దున్నే చేయవలసిన మొదటి పని అద్దం తుడవడం. రెండో పని మళ్లీ అద్దం తుడవడం. దుమ్ము అలాంటిది. అతని కనుబొమల మీదా, చెవుల అంచుల మీదా సన్నటి బూడిద పొర ఎప్పుడూ ఉండేది. చొక్కా జేబులో రెండు కళ్లజోళ్లు. ఒకటి లారీ నంబరు చూడడానికి, ఇంకొకటి ఫోను చూడడానికి. ఈ రోజుతో ఉద్యోగం అయిపోతుంది. సాయంత్రం శాలువా కప్పుతారని విన్నాడు గానీ ఆ సంగతి మీద అతనికి ధ్యాస లేదు. మనసంతా ఫోనులో ఉంది.

ఫోనులో అతనికొక బ్లాగు ఉంది. పేరు ‘కాటా మాటలు’. రాసేదెవరో ఎవరికీ తెలియదు, పేరు పెట్టుకోలేదు గనుక. చదివేదెవరో అతనికీ తెలియదు, చదివేవాళ్లు లేరు గనుక. ఎంతమంది చూశారో చెప్పే అంకె ఒకటి అడుగున కనిపించేది. అందులో ముప్పాతిక వంతు తాను తెరిచి చూసుకున్నవే. ఒకసారి ఎవరో అభిప్రాయం రాశారని ఆత్రంగా తెరిస్తే అది బట్టతలకు రాసుకునే తైలం ప్రకటన. ఆ రోజంతా నెత్తి తడుముకుంటూ గడిపాడు. అయినా రాసిన రోజు అన్నం రుచిగా ఉండేది, నిద్ర బాగా పట్టేది. రాయని రోజు ఏదో మరిచిపోయినట్టు తిరిగేవాడు. భార్య ఏసుమణి దాన్ని ‘ఫోను గీకుడు’ అనేది.

ఈ మధ్య అతనికి సిగ్గేసింది. పిలవని పేరంటంలా ఈ రాతలు ఎవరి కోసం అనిపించింది. ఉద్యోగంతో పాటే దాన్నీ మూసేయాలనీ, సాయంత్రం ఇంటికి పోయేలోగా బ్లాగు మొత్తం చెరిపేయాలనీ నిర్ణయించుకుని, భార్యకు కూడా చెప్పేశాడు. కాకపోతే ఇన్నేళ్లుగా రాయడానికి ధైర్యం చాలని సంగతి ఒకటి మిగిలింది. అది రాసి, ఒకసారి చదువుకుని, ఆ తర్వాత చెరిపేద్దామనుకున్నాడు.

పొద్దెక్కాక లారీల రాక పలచబడింది. కళ్లజోడు మార్చుకుని రాయడం మొదలుపెట్టాడు. రాసింది పైకి చదువుకోవడం అతని అలవాటు. ఆదివారాలు చర్చిలో పాఠం చదివేది అతనే. వాక్యం నాలుకకు అడ్డం పడితే తప్పెక్కడుందో తెలిసిపోయేది. ఇప్పుడూ అలాగే గొంతెత్తి చదివాడు.

“పెళ్లయిన కొత్తలో ఆమెను ఈ ఊరికి తెచ్చినాను. వచ్చిన వారానికి పెళ్లినాటి తెల్లచీర ఉతికి బయట తీగ మీద ఆరేసింది. తడి చీర మీద దుమ్ము పడి, ఎండకు గట్టిపడి, సాయంత్రానికి అది బూడిదరంగు అట్టయింది. మళ్లీ నీళ్లలో ముంచితే ఇంకా బిగుసుకుంది. ఆమె ఆ చీర ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. ఒక్క ఏడాది ఓర్చుకో, మీ రాజంపేటకే పోదాం, ఆడ పని చూసుకుంటానని చెప్పినాను.”

అక్కడ ఆగిపోయాడు. ఆ తర్వాత ఎలా రాయాలో తెలియలేదు. ఏడాదులు చాలా గడిచాయి, రాజంపేట రాలేదు. ఆ మాట రాయడానికి వేలు కదలలేదు.

తల ఎత్తేసరికి బయట విచిత్రమైన నిశ్శబ్దం. టైర్లు కొట్టి చూసే చప్పుడు లేదు, కేకలు లేవు. డ్రైవర్లూ క్లీనర్లూ ఎక్కడివాళ్లక్కడ నిలబడి స్తంభం మీది లౌడ్‌స్పీకరు వైపు చూస్తున్నారు. టీ అంగడి మహాదేవమ్మ వడగట్టే గుడ్డ చేత్తో పట్టుకుని అలాగే నిలుచుంది.

యేసుప్రసాద్ మెల్లగా మైకుకు తొడిగిన గుడ్డ గలీబు ఎత్తాడు. అడుగున ఎర్రదీపం వెలుగుతోంది. దుమ్ముకు మైకు పాడవకుండా ఏసుమణి కుట్టిచ్చిన గలీబు అది. మైకును కాపాడింది గానీ దీపాన్నీ కప్పేసింది.

గబుక్కున మీట నొక్కేశాడు. ఇన్నేళ్లు దాచుకున్నది ఒక్క నిమిషంలో లారీల అడ్డా పాలయింది. అందులోనూ కిటికీ వైపు నడిచి వస్తున్నది కమలాపురం ఓబుళేశు. తూకం దగ్గర వాదం పెట్టుకోకుండా ఒక్కనాడూ పోని డ్రైవరు. ఇక నవ్వుతాడు, అందరికీ చెప్పి నవ్విస్తాడు అనుకుని యేసుప్రసాద్ తల వంచుకున్నాడు.

“ఏమన్నా, సగంలో ఆపితివి?”

“తప్పయిపోయిందప్పా. మైకు వేసి ఉండాదని చూసుకోలేదు.”

“అది సరేలే. అక్కను రాజంపేటకు పిల్చుకపోతివా లేదా?”

“ఇంకా రాయలేదప్పా.”

ఓబుళేశు కిటికీ చువ్వ పట్టుకుని ముందుకు వంగాడు. “నేనూ మా ఇంటామెకు ఏడాదే అని చెప్పినా. ఆ ఏడాది యాడికి పాయెనో తెలీదు. నీదేమాయెనో చెప్పన్నా.”

తర్వాతేమైందని అతన్ని అడిగిన మొదటి మనిషి ఓబుళేశు. యేసుప్రసాద్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్ము పడిందన్నట్టు తుడుచుకుని మైకు దగ్గరికి లాక్కున్నాడు. ఇందాక తెలియక చదివాడు. ఇప్పుడు తెలిసి చదవాలి, అదీ రాయనిది. మీట వేశాడు.

“ఏడాది పాయె. ఇంకో ఏడాది పాయె. కొన్నాళ్లకు ఆమె అడిగేది మానుకునె. ఆ అట్టయిన చీర పారెయ్యలేదు. రాతిమీద బాది బాది మెత్తగా చేసి, మా పాపకు ఉయ్యాల కట్టె. ఉయ్యాల పాతబడినంక సంచులు కుట్టె. ఆఖరి ముక్క ఈ మైకుకు గలీబు చేసె. ఈడ మాట్లాడినప్పుడల్లా ఆ చీర మీదనే మాట్లాడినా. రేపు పొద్దున రాజంపేటకు పోతాండాం. శానా ఆలస్యమాయె మణీ. నీ ఎదురుగా చెప్పలేక ఈడ చెప్తాండా.”

ఎవరూ నవ్వలేదు. దూరంగా ఒక లారీ ఒక్కసారి హారన్ కొట్టింది. యేసుప్రసాద్ దగ్గి, గొంతు సవరించుకుని, “వెనక బండి ముందుకు రావాల, క్లీనరు దిగాల” అన్నాడు. అడ్డా మళ్లీ కదిలింది.

ఆ తర్వాత అతనికి ఊపిరి సలపలేదు. చీటీ కోసం కిటికీ దగ్గరికి వచ్చిన ప్రతివాడూ ఏదో ఒకటి చెప్పి గానీ పోలేదు. ఒకడు తన తల్లి సంగతి చెప్పి రాయమన్నాడు. ఇంకొకడు బ్లాగు ఎక్కడ దొరుకుతుందో తన ఫోనులో తెరిపించుకున్నాడు. మహాదేవమ్మ అడక్కుండానే టీ పంపించి, తన టీ గురించి రాస్తే అల్లం సంగతి మరవొద్దని కబురు చేసింది. ఓబుళేశు మాత్రం తూకం దగ్గర యథాప్రకారం వాదం పెట్టుకున్నాడు. యేసుప్రసాద్‌కు అదీ ముద్దుగానే అనిపించింది.

సాయంత్రం శాలువా కప్పారు. రాత్రి షిఫ్టు మనిషి టీకి పోయాడు. యేసుప్రసాద్ గదిలోకి వచ్చి చివరిసారిగా మైకు అందుకుని, “ఇంక నేను పోతాండానప్పా, బండ్లు జాగ్రత్త” అని, గలీబు కిందికి లాగి సర్దాడు. టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుంటుంటే ఏసుమణి ఫోను చేసింది. గీకుడు మూసేశావా అని అడిగింది.

“లేదు మణీ, మూయలేదు. రాజంపేటలో గూడా రాస్తా. ఆడికి పోతానే బయట తీగ కట్టిస్తా, తెల్లచీరలన్నీ ఆరేసుకో.”

అంటూనే సంచి భుజాన వేసుకుని మెట్లు దిగాడు. చివరి మెట్టు దిగేసరికి అడ్డాలో ఉన్న లారీలన్నీ ఒక్కసారిగా హారన్లు మోగించాయి. గేటు దగ్గర మళ్లీ ఎవడో బండి అడ్డం పెట్టినట్టున్నాడు, వీళ్లకు ఓపిక లేదని గొణుక్కుంటూ, శాలువా అంచుతో చెవులు మూసుకుని, ఉత్సాహంగా రోడ్డు వైపు నడిచిపోయాడు.

ఖాళీ గదిలో, బల్ల మీద, బూడిదరంగు చీరముక్క గలీబు కింద మైకు ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది.