సున్నా చూపించిన పన్నెండు

గుయ్‌ఫెన్ మీటరు ముళ్ళు రెండూ బ్యాటరీ కొసలకు ఆనించింది. సున్నా. ఇంకోటి తీసింది. అదీ సున్నానే. ఊరు వదిలి పోతున్న మావ్‌కై పొద్దున ఇచ్చిన పెట్టెలో పన్నెండున్నాయి. ఐదు చూసి, ఐదూ సున్నానే కావడంతో పెట్టెను కాలికిందికి తోసేసింది.

ఇన్నేళ్ళ స్నేహానికి చచ్చిన సరుకు అంటగట్టి పోతున్నాడన్నమాట.

షెన్‌జెన్ ఫోన్ల బజారు మూడో అంతస్తులో ఆమెది బారెడు బల్ల. పాత బ్యాటరీ తలమీది సన్నని రక్షణ బోర్డును ఊడదీసి కొత్త సెల్లుకు అతికించడం పందొమ్మిదేళ్ళుగా ఆమె పని. పాత సెల్లుకు కొత్త చొక్కా తొడిగి అమ్మేవాళ్ళ మధ్య బతికిన మనిషి. మీటరు పెట్టనిదే ఎవర్నీ నమ్మదు. ఈమధ్య కుడి మణికట్టు వాచి, వెల్డింగు చుక్క పెట్టబోతే వేళ్ళు వణుకుతున్నాయి. అతికించలేక పక్కనపెట్టిన పన్నెండు బోర్డులు పోయిన వారం మాయమయ్యాయి కూడా.

ఎదుటి బల్ల మావ్‌కైది. ఆ వారం నుంచే అతని వాలకం ఆమెకు నచ్చలేదు. బల్లముందరి అద్దానికి లోపల్నుంచి కాగితాలు అంటించాడు. ఆమె అటు వెళ్తే చేతులు బల్లకిందికి దించేవాడు. చూపు మందగించింది, హునాన్‌లో తమ్ముడి దగ్గరికి పోతున్నానన్నాడు. చూపు ఆననివాడికి అంత చాటుపని ఏమిటి?

పదకొండింటికి టీ సీసా చంకలో పెట్టుకుని వచ్చాడు.

"పెట్టె చూశావా చెల్లీ?"

"చూశాను. బాగానే చూశాను."

"నువ్వు నీ నీడక్కూడా మీటరు పెడతావు" అని నవ్వాడు. "బస్సు పన్నెండున్నరకి. కిందిదాకా రా, నూడుల్స్ తినిపిస్తా."

"పనుందన్నా. పోయేవాళ్ళకేం, చేతులు దులుపుకుని పోతారు."

అతను ఏదో అనబోయి ఆగాడు. బల్లల అంచులు తడుముకుంటూ మెట్లవైపు నడిచాడు. ఆమె తలెత్తలేదు.

రెండింటికి పార్సెళ్ళు మోసే మనిషొకడు ఫోను తెచ్చి బల్లమీద పెట్టాడు.

"చచ్చిందక్కా. నెలరోజులు సంచిలో మరిచిపోయా. కొత్త బ్యాటరీ వెయ్యి."

విప్పి చూసింది. సున్నా.

"చావలేదయ్యా" అంది అలవాటుగా. "ఈ గోరంత బోర్డే కాపలా. ఛార్జింగు మితిమీరినా, మరీ అడుగంటినా, తీగలు తగులుకున్నా గేటు మూసేస్తుంది. మీటరుకు కనపడేది గేటు బయటే. లోపల ప్రాణముంటే కాస్త కరెంటు చూపిస్తే చాలు."

ఛార్జరు క్లిప్పులు ఆనించింది. అంకె మెల్లగా లేచింది.

"బతికించావక్కా!"

ఆమె వంగి, కాలికిందికి తోసేసిన పెట్టె పైకి తీసింది. కొత్తగా బోర్డు అతికిన సెల్లు మొదటిసారి ఛార్జరు తగిలేదాకా నిద్రలోనే ఉంటుంది. అమ్మేదాకా లేపకూడదన్నది ఈ బజారు పద్ధతి. ఆమెకు అది నేర్పింది మావ్‌కైయే; పొద్దున అనుమానంలో అదే మరిచింది.

క్లిప్పులు తగిలించింది. మూడు పాయింట్ ఎనభై రెండు వోల్టులు. ఇంకోటి. అదీ అంతే. పన్నెండూ లేచాయి. పసుపు పట్టీ కొస ఎత్తింది. లోపల, పోయిన వారం మాయమైన తన బోర్డు. రేకుమీద నాలుగు వెల్డింగు చుక్కలు, బియ్యపు గింజలు పేర్చినట్టు. పన్నెండోదాని మీద మాత్రం చుక్కలు చెదిరాయి. ఒకే చోట మూడుసార్లు పెట్టాడు.

ఫోను చేసింది. బస్సు హోరులో అతని గొంతు వినిపించింది.

"లేచాయా చెల్లీ?"

"అన్నీ లేచాయన్నా" అంది. ఇంకేదో చెప్పబోయింది. సొరంగం వచ్చిందేమో, మాట తెగిపోయింది.

బ్యాటరీలన్నీ బయటపెట్టాక పెట్టె అడుగున మెత్తటి గుడ్డలో అతను కంటికి బిగించుకునే భూతద్దం ఉంది, శుభ్రంగా తుడిచి.