ట్రెంబత్ పడవల వార్షిక సమావేశం

జేగో ట్రెంబత్ మొండివాడు. ఫోయీ రేవులో అది అందరికీ తెలిసిన సంగతే. జీవితమంతా చెక్క పడవలు కట్టిన మనిషి, నష్టం నీది కాదంటే ఊరుకుంటాడా?

"కల్తీ జిగురు అమ్మింది వాళ్లు. దాంతో కట్టిన పడవలన్నీ నోళ్లు తెరిచాయి. షెడ్డు మూతపడింది. నా బతుకు బుగ్గిపాలైంది. నష్టం నాది కాకపోతే మీ తాతదా?" అని లాయరు మోర్వెన్నా మీద విరుచుకుపడ్డాడు.

ఆమె నవ్వాపుకుంది. "జేగో గారూ, జిగురు కొన్నది మీరు కాదు, కంపెనీ. నష్టపోయిందీ అదే. మీ వాటాల విలువ పడిపోవడం ఆ నష్టానికి నీడ. నీడ వచ్చి కేసు వేస్తానంటే కోర్టు ఒప్పుకోదు."

"కంపెనీ అంటే ఎవరమ్మా? నేనూ, మా లవ్‌డే. అంతేగా!"

"చట్టానికి అది మీ ఇద్దరూ కాని మూడో మనిషి."

మూడో మనిషట! జేగోకి ఒళ్లు మండింది. ఏటా కంపెనీ సమావేశం జరిగేది వంటింటి బల్ల దగ్గర, భార్యాభర్తలిద్దరే. లవ్‌డే మాంసం కూరిన పాస్టీలు పొగలు కక్కుతుండగా తెచ్చిపెట్టేది. జేగో తీర్మానం చదివేవాడు. "బలపరుస్తున్నాను, అధ్యక్షా!" అని వెక్కిరిస్తూ ఆమె చెయ్యెత్తేది. ఆ తర్వాతే తిండి. షెడ్డు మూతపడిన చలికాలమే ఆమె పోయింది. ఇంకెవరి కోసమని జేగో సమావేశాలు మానేశాడు, ప్రభుత్వానికి లెక్కలు పంపడమూ మానేశాడు.

"అదే కొంప ముంచింది," అంది మోర్వెన్నా. "లెక్కలు రాలేదని రిజిస్ట్రారు తన జాబితాలోంచి కంపెనీ పేరు కొట్టేశాడు. చట్టం దృష్టిలో అది చచ్చిపోయింది."

"అయితే ఇక అంతేనా?"

"గడువు ఇంకా ఉంది. దరఖాస్తు పెడితే కోర్టు మళ్లీ బతికిస్తుంది. అసలు చావనే లేదన్నట్టు లెక్క."



"భలే చట్టమమ్మాయ్ మీది," అన్నాడు జేగో. "దాన్నయితే బతికిస్తుందన్నమాట."

మోర్వెన్నా తల దించుకుంది.

వసంతంలో కోర్టు కంపెనీని బతికించింది. ఇక కేసు వేయడానికి తీర్మానం ఒక్కటే కావాలి. లవ్‌డే వాటాలూ మీకే వచ్చాయి కాబట్టి మీరొక్కరే చాలు, బలపరిచేవాళ్లు అక్కర్లేదని లాయరమ్మ చెప్పింది.

ఆదివారం మధ్యాహ్నం జేగో బేకరీ నుంచి రెండు పాస్టీలు తెచ్చాడు. ఒకటి ఎదుటి కుర్చీ ముందు పెట్టాడు. గొంతు సవరించుకుని చదివాడు: "కల్తీ జిగురు అమ్మినవారిపై కంపెనీ దావా వేయాలని తీర్మానించడమైనది."

చదివి ఆగాడు. అలవాటు మరి. రేవులో పడవల తాళ్లు గాలికి కొట్టుకుంటున్నాయి. ఎంత ఆగినా ఎవరూ వెక్కిరించలేదు. ఇంత ఒంటరితనం ఆమెను పాతిపెట్టిన రోజు కూడా అతనికి తెలియలేదు.

చివరికి తనే చెయ్యెత్తాడు. తీర్మానం నెగ్గింది. పాస్టీలు మాత్రం రెండూ బల్ల మీదే చల్లారిపోయాయి.