కౌజులు మరిచిన భయం

నేను ఒక సంచిని. కూరగాయల సంచి అనుకునేరు, కాదు. ఫొటోలు తీసేవాళ్ళు కారు అద్దం దించి, ఆ అంచు మీద నన్ను పరిచి, నా వీపున పొడుగాటి లెన్సు ఆనిస్తారు. చెయ్యి వణికినా బొమ్మ వణక్కూడదు కదా, అందుకని. పేరు కెమెరాది, బరువు నాది.

మా సారు ఉమాపతి గారు కర్నూల్లో కాలేజీ లెక్చరర్. పొట్ట పెరిగి ఆయన జీన్సు ప్యాంటుకి గుండీ పట్టడం మానేశాక, భార్య సుగుణమ్మ దాని కాళ్ళు కత్తిరించి నన్ను కుట్టింది. మొదట ఇసక పోశారు, మోయలేకపోయారు. బియ్యం పోస్తే పురుగు పట్టింది. చివరికి జొన్నలు పోసి జిప్పు వేశారు. "మీ పిట్టల పిచ్చికి నా జొన్నలు కూడా పాయె" అని ఆమె నవ్వింది. అలా నా పుట్టుక నవ్వులతోనే జరిగింది.

చలికాలం ఆదివారాలన్నీ మావే. పొద్దు పొడవకముందే బయల్దేరి, ఊళ్ళు దాటి, తుమ్మచెట్ల మధ్య పోయే తారురోడ్డు పక్కన కారు ఆపేవాళ్ళం. అక్కడి పొదల్లో ఒక కౌజు పిట్టల కుటుంబం కాపురముండేది. కౌజుకి రెక్కలున్నా నమ్మకం కాళ్ళ మీదే. మనిషి అలికిడైతే చాలు, గుడుగుడుమని పరిగెత్తి ముళ్ళలో మాయమైపోతుంది. మా సారు మంచులో ముక్కు చీదుకుంటూ ఎన్ని వారాలు కాచినా ఆయనకి దక్కినవి తోకలూ, దుమ్మూను.

ఒకరోజు ఓపిక నశించింది. నా జిప్పు తీసి, గుప్పెడు జొన్నలు రోడ్డు పక్కన చల్లారు. చాలాసేపటికి ఒక పుంజు మెడ చాచి వచ్చింది. అది తిని బతికి బట్టకట్టిందని చూసుకున్నాక పెట్ట, పిల్లలూ వచ్చాయి. మరుసటి వారం ఇంకాస్త తొందరగా వచ్చాయి. పుష్యమాసం నాటికి కారు ఇంజను ఆగిన చప్పుడుకే పొదల్లోంచి ఉరికి వచ్చి చక్రాల దగ్గర నిలబడేవి. మా సారు మురిసిపోయారు. నాకూ గర్వంగానే ఉండేది, దాచడమెందుకు?

ఒకసారి సుగుణమ్మ కూడా వచ్చింది. చూసి ముచ్చటపడింది గానీ, ఊరుకోలేదు.

"ఉచ్చులు పెట్టేవాళ్ళు కూడా ముందు గింజలే చల్లుతారండీ."

"వాళ్ళు చంపడానికి చల్లుతారు, నేను చూడ్డానికి. రెండూ ఒకటేనా?"

"తినే పిట్టకి ఆ తేడా ఎట్లా తెలుస్తుంది?"

అంతలో పెట్ట సరిగ్గా ఎండలోకి వచ్చింది. మా సారు లెన్సుకి కన్ను ఆనించారు.

ఆ బొమ్మకే ఫొటోల పోటీలో మొదటి బహుమతి వచ్చింది. పెట్ట నేరుగా మనల్నే చూస్తుంటుంది, దాని రెక్క కింద పిల్ల. మా సారు దానికి 'నమ్మకం' అని పేరు పెట్టారు. పిట్టల మీద ఈయనకెంత ప్రేమో అని వేదిక మీద అందరూ పొగిడారు. తిరుగుదారిలో స్నేహితులు విందు ఇమ్మని పట్టుబట్టారు. రోడ్డు మీదున్న ధాబాలో దిగాం. కెమెరాతోపాటు నన్నూ పక్క కుర్చీలో కూర్చోబెట్టారు.

ధాబా యజమాని ఒక ప్లేటు తెచ్చి, వంగి, గొంతు తగ్గించాడు. "ఫారం కౌజులు గాదు సార్, అడివియి. బయట చెప్పగాకండి."

మా సారు నోట్లో అప్పటికే ముక్క ఉంది. నమలడం ఆపి అడిగారు, "ఎక్కడివి?"

"ఈ రోడ్డు మీదియే సార్, తుమ్మల కాడివి. ఇంతకుముందు వలేసినా పడేటియి గాదు. ఇప్పుడు బండాపి గుప్పెడు జొన్నలు చల్లితే సాలు, కోళ్ళ మాదిరి ఉరికొస్తాండాయి. ఎవరో పుణ్యాత్ముడు అలవాటు చేసినాడు!"

అందరూ నవ్వారు. ఇంకో ప్లేటు చెప్పారు. మా సారు లేచి వెళ్ళి చేతులు కడుక్కుంటూనే ఉండిపోయారు. నా కడుపులోని జొన్నలు కౌజుల కడుపులోకి, కౌజులు ఆయన కడుపులోకి వెళ్ళాయి. దేన్ని కక్కినా ఇక దక్కేదేమీ లేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన కెమెరా లేకుండా తుమ్మల దగ్గరికి వచ్చారు. నేను మామూలుగానే కారు కిటికీ మీద ఉన్నాను. ఇంజను ఆగింది. పొదలోంచి ఒక్కటే, ఒక పిల్ల పెట్ట, పరిగెత్తుకొచ్చింది. మిగతావేవీ రాలేదు.

మా సారు దిగి చప్పట్లు కొట్టారు. అరిచారు. హారన్ మోగించారు. అది కాస్త వెనక్కి జరిగి, గింజలేవి అన్నట్టు నేల వెతికింది. మట్టిగడ్డ విసిరితే వెళ్ళి ఆ గడ్డనే పొడిచి చూసింది. "భయపడవే తల్లీ, నన్ను చూసి భయపడు!" అంటూ ఆయన ఏడుస్తూ రాళ్ళు రువ్వారు. ఒక్కటీ తగల్లేదు. తగలాలని ఆయనకీ లేదు. ఇంకేం దొరక్క, కిటికీ మీంచి నన్ను లాగి విసిరేశారు.

నేను కంకర మీద పడ్డాను. కుట్టు పిగిలి, జొన్నలన్నీ ఒలికిపోయాయి. పెట్ట నింపాదిగా వచ్చి నా పక్కన తినడం మొదలుపెట్టింది.

ఆయన మోకాళ్ళ మీద కూలబడి గింజలు ఎత్తబోయారు. అది ఆయన వేళ్ళ సందుల్లోంచే తింటోంది. పట్టుకుని ఎక్కడైనా దూరంగా వదుల్దామని చెయ్యి చాపితే చటుక్కున తప్పుకుంది. పట్టుబడనంత భయం మిగిలింది గానీ, పారిపోయేంత మిగల్లేదు. చివరికి ఆయన కారెక్కి, ఊరికే హారన్ మోగించుకుంటూ వెళ్ళిపోయారు.

ఎండెక్కింది. ఆ పెట్ట ఇంకా తింటూనే ఉంది. దూరంగా ఒక బండి చప్పుడు వినిపించింది. దగ్గరికొచ్చి, నెమ్మదించి, ఇంజను ఆగింది. పెట్ట నా జొన్నలు వదిలేసి, మెడ చాచి, సంతోషంగా అటు పరిగెత్తింది.