ఎండ కోసం ఆగిన రోజు

నా చెల్లెలు హెర్దిస్ సినిమాలు తీస్తుంది. మొదటిదానికి బయటి దేశాల్లో మంచి పేరొచ్చింది. రెండోదాన్ని మా రాజధాని రేక్యావిక్‌లోనే ఎవరూ చూడలేదు. మూడోదానికి దర్శకురాలూ నిర్మాతా తనే అయి, మా లోయకొచ్చి మా ఇంట్లో దిగింది.

ఆ సినిమాకి ముగింపు మా గొర్రెలే. వేసవంతా కొండల మీద మేసిన మందల్ని సెప్టెంబరులో గుర్రాల మీద వెళ్లి దింపుకొస్తారు. ఏడాదికి ఒక్కసారే. వెళ్లే గుంపుకి మా ఆయన కేతిల్ పెద్ద.

వాళ్లు వెళ్లిన నాలుగో రోజు పొగమంచు కమ్మింది. మగవాళ్లంతా కొండమీది గుడిసెలో ఉన్నారు. హెర్దిస్ నా వంటింట్లోంచి ఫోన్ చేసింది.

"బావా, ఒక్క రోజు ఆగవా? రేపు ఎండ కాస్తుందట. ఈ మసకలో మంద దిగితే నా సినిమాకి ముగింపే ఉండదు."

"ఆ సంగతి గొర్రెలకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అని నవ్వాడాయన. కానీ ఆగాడు.

తెల్లారేసరికి మంచు తుఫాను. ఫోన్లు పోయాయి. మాంసం పులుసు పొయ్యి మీద పెట్టాను, దించాను, మళ్లీ పెట్టాను. హెర్దిస్ కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు.

"అక్కా, ఏదో ఒకటి అనవే."

"ఏమనమంటావ్? నీకు వెలుతురు కావాలి. నాకు మొగుడు కావాలి."

కోటు తొడుక్కుని బయటికెళ్లి దొడ్డి ముందు మంచు ఎత్తిపోయడం మొదలుపెట్టింది. ఎత్తిన చోటే మళ్లీ నిండుతోంది. అయినా ఆపలేదు.

మరుసటి మధ్యాహ్నం గుర్రాలొచ్చాయి. వెళ్లిన పదకొండు మందీ వచ్చారు. కేతిల్ వేళ్లు తెల్లబడిపోయి కప్పు పట్టుకోలేకపోయాడు. మందలో చాలా భాగం దిగే దారిలోనే మంచు కింద ఉండిపోయింది. మూడు రోజులు లోయంతా పొడవాటి కర్రలతో గుచ్చి గుచ్చి వెతికాం. కెమెరామన్ కెమెరా తీయబోతే హెర్దిస్ అతని చేతిలో కర్ర పెట్టింది. నలభై మూడు గొర్రెలు చచ్చి దొరికాయి.

ఆదివారం ఊరి హాల్లో అందరూ చేరారు. ఎందుకాగారని అడిగారు.

"పొగమంచు కదా. ఆగుదామని నేనే అన్నాను," అన్నాడు కేతిల్.

ఈ అబద్ధం నిలిస్తే చెల్లెలి సినిమా బతుకుతుంది, మా ఆయన పరువు పోతుంది. హెర్దిస్ తల వంచుకుని కాఫీ కప్పులోకే చూస్తోంది. లేవదేమో అనుకున్నాను. లేచింది.

"బావ అబద్ధం చెప్తున్నాడు. ఆగమన్నది నేను. ఎండ కోసం."

చచ్చినవాటిలో తొమ్మిది ముసలి థోర్గిల్స్‌వి. "మరదలు ఫోన్ చేస్తే ఆగిపోయావా కేతిల్? సిగ్గులేదూ?" అన్నాడు. తర్వాత హెర్దిస్ వైపు తిరిగాడు. "ఎప్పుడైనా మందని దింపడానికి పైకెళ్లావా నువ్వు?"

"లేదు."

"వచ్చే ఏడు రా. కెమెరా ఇంట్లో పెట్టి రా."

ఆ రోజే పెద్దరికం ఇంకొకరికిచ్చారు. నలుగురిలో తనని అబద్ధాలకోరుని చేసిందని కేతిల్ నెల రోజులు హెర్దిస్‌తో మాట్లాడలేదు. సినిమా ఏడాది వెనక్కిపోయింది. పనిచేసేవాళ్లలో సగం మంది వేరే సినిమాలు చూసుకున్నారు.

మరుసటి సెప్టెంబరులో, సన్నటి వానలో, హెర్దిస్ నా గుర్రమెక్కింది. జీను బిగించింది కేతిలే.