పదో చోటు

శరత్ చంద్ర చిలికా సరస్సు దాటి ఎరగడు. అయినా సొరచేపల మధ్య ఈదాలంటే ప్రపంచంలో ఎక్కడెక్కడికి వెళ్లాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. బరంపురంలో మేమిద్దరం ఒకే బడిలో పాఠాలు చెబుతాం. అతను భూగోళం, నేను జీవశాస్త్రం. మధ్యాహ్నం క్యారేజీలు విప్పగానే మొదలుపెట్టేవాడు. ఆస్ట్రేలియాలో నెప్ట్యూన్ దీవులట, ఇనప బోనులో దిగితే తెల్ల సొర ముఖంలో ముఖం పెట్టి చూస్తుందట. ఫిజీలో బేకా దగ్గర ఆ బోను కూడా ఉండదట. మాల్దీవుల్లో ఫువాముల్లా దగ్గర పులిసొరలట, ఫిలిప్పీన్స్‌లో మలపాస్కువా దగ్గర పొడుగు తోక సొరలట. చేప వాసనకే కిటికీలు మూసే ఇంట్లో పుట్టినవాడికి ఈ పిచ్చి ఎలా పట్టిందో ఆ దేవుడికే తెలియాలి.

వీటన్నిటి మీదా ఫోనులో వీడియో ఒకటి చేస్తున్నాడు. సొరలను చూడాల్సిన పది చోట్లు అని పేరు. తొమ్మిది కుదిరాయి, పదోదే కుదరలేదని రోజూ గొణిగేవాడు. నాకు ఆ గొణుగుడు ముద్దుగా ఉండేది. అతనంటే నాకు ఇష్టం. దాచిపెట్టి ఇప్పుడు బాగుపడేదేమీ లేదు కనక చెబుతున్నాను.

మాది గోపాల్‌పూర్ ఒడ్డున చేపలు పట్టే పల్లెకారుల పేట. మా అయ్య పేరు వీరన్న. ఒడ్డు మీద కనిపించే రెండు వస్తువులు ఒకదాని వెనక ఒకటి వచ్చేలా, పక్కన ఇంకో రెండు అలాగే కలిసేలా చూసుకుని నీళ్లలో చోటు పట్టుకోవడం మావాళ్ల పద్ధతి. దాన్ని గురుతు అంటాం. అడుగున రాతి దిబ్బ, దాని చుట్టూ చేప ఉన్న చోటు ఒకదానికి మా ముత్తాతనాటి గురుతు ఉంది. ఆ రెండు జతలేవో మీకు కూడా చెప్పను. గురుతు నోటితో చెప్పరు, కాగితం మీద పెట్టరు. తండ్రి కొడుకుని పడవలో తీసుకెళ్లి వేలు పెట్టి చూపిస్తాడు, అంతే. మా అయ్యకి కొడుకు లేడు. ఆడపిల్లని పడవెక్కిస్తావా అని పేటంతా మీదపడ్డా వినకుండా నాకు చూపించాడు.

"ఇది నీ నోటమ్మట రాకూడదమ్మీ," అన్నాడు.

నేను రానివ్వలేదు.

చలి తగ్గుముఖం పట్టాక ఆ దిబ్బ దగ్గరికి బొక్కు సొర, అదే వేల్ షార్క్, వస్తుంది. బస్సంత ఒళ్లు, ఒంటినిండా తెల్ల చుక్కలు. అంత నోరుండీ ఎవరినీ కరవదు. దాన్ని మేం పట్టం. అయ్య ఇచ్ఛాపురంలో పెళ్లికెళ్లిన ఆదివారం పొద్దున్నే శరత్‌ని పడవెక్కించి అక్కడికి తీసుకెళ్లాను. పక్కింటి గోడ మీద ఏముందో కూడా చూడని మనిషి, ఒడ్డు చూసి ఏం తెలుసుకుంటాడని నా ధీమా. మెడలో ప్లాస్టిక్ సంచీలో ఫోను వేలాడుతోంది. ఫొటోలకే అనుకున్నాను.

నీళ్లలో దాని పక్కన అరగంట ఈదాడు. పైకొచ్చి పడవ అంచు పట్టుకుని ఏడ్చాడు.

"ఎక్కడున్నామో నాకు తెలీదు వరహాలూ. అడగను కూడా," అన్నాడు.

ఆ మాటకి నేను కరిగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మూడు వారాలకు వీడియో వచ్చింది. పదో చోటు మాదే. పటం మీద ఎర్ర చుక్క, దాని కింద అక్షాంశం, రేఖాంశం అంకెలు. చివర్లో పెద్ద అక్షరాలతో గోపాల్‌పూర్ వరహాలమ్మకు కృతజ్ఞతలు. ఆ వారమే ఎక్కడెక్కడి పడవలన్నీ దిబ్బ మీద వాలాయి. కాళ్లకి రెక్కలు తగిలించుకున్నవాళ్లు దూకుతున్నారు. వాళ్ల వెనకే ట్రాలర్లు వచ్చి అడుగంతా గీకేశాయి. సొర మళ్లీ కనపడలేదు.

స్టాఫ్ రూములో అతన్ని నిలదీశాను.

"నువ్వు చెప్పలేదు కదా, నీ మాట నీకు దక్కింది," అన్నాడు. "మనం ఎక్కడున్నామో ఫోనుకి తెలిసిపోతుంది. ఇందులో నీ తప్పేముంది?"

"తీసెయ్."

"తీసేస్తే తొమ్మిదే అవుతాయి వరహాలూ."

అంత నెమ్మదిగా, నాకు లెక్క రాదన్నట్టు చెప్పాడు. క్యారేజీ మూత పెట్టి లేచి వచ్చేశాను. ఆ తర్వాత అతనితో మాట్లాడలేదు.

నా పేరు పేటలో అందరి ఫోనుల్లోనూ తిరిగింది. అయ్య వల బాగుచేసుకుంటున్నాడు. తలెత్తలేదు.

"ఆడికి సెప్పావేటి?"

"నోటితో సెప్పలేదయ్యా."

"మరెలా తెలిసింది?"

"నానే తీసుకెల్లాను."

వలలో ఇంకో ముడి బిగించాడు. "అయితే సెప్పినట్టే కదేటే," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. శరత్ నన్ను మోసం చేశాడని ఏడవబోయాను గానీ, ఆయన ముందు ఆ ఏడుపు ఏడవడానికి నాకు ముఖం చాలలేదు.

తర్వాత అయ్య కొత్త దిబ్బ కోసం వెతకడం మొదలుపెట్టాడు. మోకాళ్లు బాగాలేవు కనక ఇంజను నేనే చూడాలి. ఆదివారం ఆదివారం వెళ్లి, సీసపు గుండు కట్టిన తాడు అడుగుకి వదిలి చూసేవాళ్లం. అన్నిచోట్లా ఇసకే. అయిదో ఆదివారం గుండు రాతిని కొట్టింది. అయ్య తాడు లాగి మళ్లీ వదిలాడు, మళ్లీ కొట్టింది. నెలన్నర తర్వాత ఆయన ముఖంలో నవ్వు చూశాను. నేనూ నవ్వాను.

గురుతు పట్టడానికి ఒడ్డు వైపు చూశాడు. చెయ్యెత్తబోయి ఆగాడు.

"అమ్మీ," అన్నాడు మెల్లిగా, "అటు తిరిగి కూకో."

నేను సముద్రం వైపు తిరిగి కూర్చున్నాను.