పది పాళ్ళ రాగి

నేను ఒక ఊదుగొట్టాన్ని. వంటింట్లో పొయ్యి రాజేసే ఇనప గొట్టం అనుకునేరు, కాదు. ఇత్తడి దాన్ని. జానెడు పొడవుండి, కొస దగ్గర కాస్త వంపు తిరిగి సన్నబడతాను. కంసాలి నన్ను పళ్ళ మధ్య పట్టుకుని, ఆముదం దీపం పక్కన నా కొస ఆనించి ఊదితే, మంట పక్కకు సాగి సరిగ్గా కావలసిన చోటే బంగారాన్ని తాకుతుంది. నా లోపల ఉన్నదంతా ఖాళీయే. ఆ ఖాళీలోంచే పాలకొల్లు కంసాలి వీధిలో రెండు తరాల ఊపిరి నడిచింది. ఇప్పుడు ఆ పనికి గ్యాసు వచ్చింది. నేను గోడ మేకుకు వేలాడుతూ పాత రోజులు తలుచుకుంటూ ఉంటాను. వేరే పనేముంది?

నన్ను చేసింది అజ్జరంలో ఒక ముసలి కంచరి. బిందెలు, గంగాళాలు కొట్టే చేతులవి. నాలాంటి చిన్న వస్తువు చేయాలంటే ఆయనకు మహా చిరాకు. చేసినంతసేపూ తిట్టుకుంటూనే చేశాడు. ఆ తిట్లే నాకు దిష్టి తగలకుండా కాపాడాయని నా నమ్మకం. లక్కోజు పేరయాచారి నన్ను కొనుక్కుని పాతికేళ్ళు ఊదాడు. పళ్ళు ఊడిపోయాక కొడుకు సర్వేశ్వరాచారి చేతికిచ్చి ఒక్క మాటన్నాడు. "ఒరే, గట్టిదనానికి ఎంత రాగి కావాలో అంతే. అంతకు మించి గురిగింజెత్తు కలిపావో, నువ్వు నా కొడుకువి కాదు."

కొందరు తండ్రి మాటను గుమ్మం దాటగానే మరిచిపోతారు. సర్వేశ్వరాచారి ఆ బాపతు కాదు. తల్లి బంగారంలోనైనా కంసాలి గోకకుండా ఉండడని లోకం ఒక సామెత కట్టి పెట్టింది కదా, దాన్ని అబద్ధం చేయడానికే పుట్టినట్టు బతికాడు. ఆకురాయి పట్టినప్పుడు రాలిన పొడిని కూడా తడి వేలితో అద్ది, పొట్లం కట్టి నగతోపాటు ఇచ్చేసేవాడు. జనం మెచ్చుకున్నారా అంటే, లేదు. "ఇంత ఇచ్చాడంటే ఎంత దాచుకున్నాడో" అనుకుంటూ వెళ్ళేవారు. మనుషుల సంగతి అంతే.

అయినా ఆయనకు అసలు పేరు తెచ్చింది నగలు కాదు, చెవులు. ఊళ్ళో ఏ ఇంట పిల్ల పుట్టినా చెవులు కుట్టడానికి ఆయనే రావాలి. మేలిమి బంగారం చిటికెడు తీసుకుని, నాతో ఊది కరిగించి, కమ్మచ్చు పలక చిల్లుల్లోంచి ఒకదాని తరవాత ఒకటిగా లాగి, వెంట్రుకంత తీగ చేసేవాడు. పిల్ల నోట్లో బెల్లం ముక్క పెట్టి, అది చప్పరించేలోగా చెవి కుట్టేసేవాడు. తీగలో రాగి ఉంటే పచ్చి చెవి చీము పడుతుందని ఆయన పట్టింపు. ఆయన చేతి మీద ఒక్క చెవీ చీము పట్టలేదు. ఆయన్ని చూస్తే ఏడుస్తూ తల్లి చంక ఎక్కిన పిల్లలే, పదిహేనేళ్ళ తరవాత పెళ్ళి సూత్రాల కోసం సిగ్గుపడుతూ వచ్చి మా అరుగు మీద కూర్చునేవారు. ఆ పొద్దుటి పూటలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ దిగులేస్తుంది. కుంపట్లో చిటపటలు, వెలిగారం పొంగే వాసన, వీధి మొత్తం సన్నని సుత్తుల చప్పుడు.

అరవై రెండులో చైనా యుద్ధం వచ్చింది. బజారులో సభ పెట్టి దేశానికి బంగారం ఇమ్మన్నారు. సర్వేశ్వరాచారి భార్య మాణిక్యాంబ గారు చేతులకున్న నాలుగు గాజులూ ఇచ్చేశారు. అవి చేసింది మా యజమానే, చేసేటప్పుడు ఊదింది నాతోనే. తీసి ఇచ్చేటప్పుడు ఇద్దరి ముఖాల్లోనూ ఎంత వెలుగో. దేశం అంటే అప్పట్లో అలా ఉండేది మరి.

సరిగ్గా సంక్రాంతి ఇంకా నాలుగు రోజులుందనగా ఆ దేశం దగ్గర్నుంచే జవాబు వచ్చింది. పక్కింటి మోహనాచారి, మా యజమానికి పినతల్లి కొడుకు, పేపరు పట్టుకుని అరుగెక్కాడు.

"అన్నయ్యా, ఇకమీదట ఏ నగైనా పద్నాలుగు కారట్లు దాటకూడదంట. ఇరవై నాలుగు పాళ్ళలో పది పాళ్ళు రాగి కలపాలంట. కలపకపోతే కేసంట."

"సరిగ్గా చదివేవా?"

"నాలుగుసార్లు చదివేను."

సముద్రం మీదుగా దొంగ బంగారం వస్తోందట, జనానికి పసిడి మీద మోజు తగ్గించాలట. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, ఓడలో దొంగను పట్టుకోలేక పాలకొల్లులో కుంపటి ఆర్పారు. సర్వేశ్వరాచారి పేపరు అందుకుని, మడిచి అరుగు మీద పెట్టాడు. తరవాత మెల్లగా అన్నాడు. "నిన్నటిదాకా రాగి కలిపినోడు దొంగ. ఇయ్యాళ్టి నుంచి కలపనోడు దొంగ. ఒరే మోహనం, మనం మంచోళ్ళం ఎప్పుడవుతాంరా?"

వీధిలో మిగతావాళ్ళు తలో దారి చూసుకున్నారు. కొందరు చట్టం చెప్పినట్టు కలిపారు. కొందరు తలుపులేసుకుని పాత పద్ధతిలోనే చేశారు. మోహనాచారి రెండూ చేశాడు, వచ్చినవాడి ముఖం చూసి. మా యజమానికి ఈ మూడు దారులూ మూసుకుపోయాయి. రాగి కలిపితే తండ్రి మాట పోతుంది, కలపకపోతే చట్టం తప్పుతుంది. తాము గాజులిచ్చుకున్న దేశం చట్టం కదా, నచ్చకపోయినా దాటనన్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయన మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కుంపటి చల్లారింది.

తనిఖీకని ఒక అధికారి వచ్చాడు. అంతా వెతికి, మజ్జిగ తాగి, వెళ్ళబోతూ గొంతు తగ్గించాడు. "మా మనవరాలికి చెవులు కుట్టాలి ఆచారిగారూ. మీ పాతరకం తీగ కావాలి. ఎవరికీ తెలియదు లెండి."

"మీకు తెలుస్తుంది కదండీ" అన్నాడు మా యజమాని. అధికారి నవ్వేసి మోహనాచారి ఇంటికి నడిచాడు. చట్టం చేసినవాడికీ, అమలు చేసేవాడికీ లేని పట్టింపు దానివల్ల చెడినవాడికి ఉండటం నేను ఇంకెక్కడా చూడలేదు. నాకు గర్వంగానూ అనిపించింది, ఒళ్ళూ మండింది.

ఆ వేసవిలోనే పైడమ్మ వచ్చింది. చేపలమ్ముకునే మనిషి. నలుగురు బిడ్డలు పోయాక నిలిచిన పిల్లను గుడ్డలో చుట్టుకుని తెచ్చింది. పైడమ్మ చిన్నప్పుడు ఆమె చెవులు కుట్టిందీ ఈయనే. "బాబూ, పిల్లకి కుట్టండి. మీ సెయ్యి పడితేనే నాకు ధైర్నం" అంది. ఆయన కుదరదన్నాడు. రాగి తీగతో కుట్టనన్నాడు, మేలిమి తీగ చేయనన్నాడు. మాణిక్యాంబ గారు గడప లోపల్నుంచి చూస్తున్నారు. పైడమ్మ మోహనాచారి దగ్గరకు వెళ్ళింది. పేదమనిషి కాబట్టి ఆమెకు అక్కడ చట్టప్రకారం రాగి కలిపిన తీగే దొరికింది.

పది రోజుల తరవాత మళ్ళీ వచ్చింది. పిల్ల చెవి ఉబ్బి, చీము కారి, ఒళ్ళంతా కాలిపోతోంది. "సూడండి బాబూ" అంది పైడమ్మ, "మీ నియమం ఎవరి సెవిలో గుచ్చుకుందో." తిట్టలేదు, ఏడవలేదు. మాణిక్యాంబ గారు తీగ తీసి, పసుపూ వేపనూనే రాసి, వారంపాటు రోజూ వాళ్ళ గుడిసెకు వెళ్ళారు. పిల్ల బతికింది గానీ ఆ చెవి తమ్మె చివర తెగిపోయింది. సర్వేశ్వరాచారి ఆ వారం సరిగా అన్నం తినలేదు. తిననివాడు ఏం చేశాడు? కుట్టకపోతినే అని లెంపలేసుకున్నాడా? లేదు. ఢిల్లీకి అర్జీ రాశాడు. మీ చట్టంవల్ల ఒక పసిదాని చెవి తెగింది, తప్పు జరిగిందని ఒప్పుకోండి అని.

బతకాలి కదా. కంసాలులకు వేరే పని నేర్పుతామని సర్కారు వారు పిలిస్తే, ఆయన వెళ్ళలేదు. హరికేన్ లాంతర్లకూ, పెట్రోమాక్సులకూ మాట్లు వేయడం మొదలుపెట్టాడు. దానికీ నేనే. మేలిమి బంగారం మీద ఆడిన దాన్ని, సీసం మీద ఆడాను. నా ఒళ్ళంతా నల్లబడింది. అది నాకు పెద్ద లెక్క కాదు. కానీ ఆ సీసం పొగ రోజూ ఆయన గుండెల్లోకి పోయేది. చలికాలం వస్తే పిల్లికూతలు, నాలుగడుగులేస్తే ఆయాసం.

నాలుగేళ్ళు నిండకుండానే ఆ పద్నాలుగు కారట్ల నిబంధన ఎత్తేశారు. వీధి వీధంతా కుంపట్లు రాజుకున్నాయి. మోహనాచారి పరుగెత్తుకొచ్చి, "లేవండన్నయ్యా, పీడ వదిలింది" అన్నాడు. పనివాడు దరఖాస్తు పెట్టి సర్టిఫికెట్ ఒకటి తెచ్చుకుంటే చాలట. నేనైతే సీసం వదిలి మళ్ళీ బంగారం మీద ఆడాలని ఎంత ఆశపడ్డానో.

ఆయన లేవలేదు. "తప్పు జరిగిందని రాయమను. ఒక్క ముక్క. అప్పుడు దరఖాస్తు పెడతాను. మా నాన్న చేతిలో పని నేర్చుకున్నోడికి, నువ్వు పనివాడివేనని ఈళ్ళు చీటీ ఇచ్చేదేంటి?"

పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఉత్తరాలు మాత్రం నెలకొకటి వెళ్ళేవి. ఎప్పుడో ఒకసారి, మీ వినతి పరిశీలనలో ఉన్నదని ముద్ర వేసిన కార్డు వచ్చేది. దాన్ని ఆయన నాలుగుసార్లు చదివి, దాంట్లో 'తప్పు' అనే మాట లేదని రూఢి చేసుకుని పక్కన పెట్టేవాడు. నేను ఇత్తడిదాన్ని, వంగను. కానీ నాక్కూడా కొస దగ్గర కొంచెం వంపుంది. ఆ వంపే లేకపోతే నేను దేనికీ పనికిరాను. ఈ సంగతి ఆయనకు ఎవరు చెబుతారు?

అరవై తొమ్మిదిలో, రాజమండ్రిలో ఫిట్టరు పని చేసే కొడుకు కాశీపతి, పెళ్ళాంతో, పదకొండు నెలల కూతురితో వచ్చాడు. పిల్లకు చెవులు కుట్టించాలి. పొద్దున్నే స్నానాలయ్యాయి. అందరూ మా అరుగు మీదే కూర్చున్నారు గానీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. చివరికి కాశీపతి నేల చూస్తూ అన్నాడు. "నాన్నగారూ, మోహనం బాబాయి దగ్గిరికి తీసికెళ్ళమంటారా?"

"తీసికెళ్ళు" అన్నాడు సర్వేశ్వరాచారి. అంటూనే పక్కనున్న లాంతరు గాజు తీసుకుని, తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

అప్పుడు మాణిక్యాంబ గారు వంటింట్లోంచి వచ్చారు. ఆరేళ్ళలో ఆవిడ భర్తకు ఎదురు చెప్పడం నేను వినలేదు. మెడలోని సూత్రాల తాడు పైకి తీసి, పళ్ళతో ముడి విప్పి, సూత్రాల పక్కనున్న చిన్న బంగారు గుండు ఒకటి ఊడదీసి ఆయన ముందు పెట్టారు.

"ఇది మన పెళ్ళికి మావగారు చేసింది. చట్టం పుట్టకముందుది. నా మెళ్ళో బంగారం, నా మనవరాలి చెవి. మధ్యలో ఢిల్లీ ఎందుకండీ?"

ఆయన గుండును ముట్టుకోలేదు. ఆవిడ ఆగలేదు.

"దేశానికి గాజులిమ్మన్నారు, ఇచ్చేను. మీ మాట కోసం ఆరేళ్ళు గంజి తాగమన్నారు, తాగేను. పైడమ్మ పిల్ల చెవి చూసేను. ఇంక నా వల్ల కాదు. మీరు కుట్టకపోతే ఈ పిల్ల చెవులు బోసిగానే ఉంటాయి. ఇంకెవర్నీ కుట్టనివ్వను."

సర్వేశ్వరాచారి ఆ గుండును వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. తండ్రి చేతిపని ఆయనకు తెలియకుండా ఉంటుందా? లేచి, దీపం వెలిగించి, నన్ను మేకు మీద నుంచి తీశాడు. మసి తుడిచాడు. బొగ్గు మీద గుండు పెట్టి, నన్ను పళ్ళ మధ్య పట్టుకుని ఊదాడు. మంట ఒక్కసారి వంగి, మళ్ళీ నిలబడిపోయింది. ఇంకోసారి ఊదాడు. దగ్గు తెర వచ్చింది. మూడోసారి ఊపిరి నా సగం దాకా కూడా రాలేదు. ఒకప్పుడు పావుగంట ఆపకుండా ఊదిన మనిషి నుదుటి మీద చెమట పోసింది. నన్ను కింద పెట్టేసి, రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

ఆవిడ వచ్చి పక్కన కూర్చున్నారు. కొంగుతో నా మూతి తుడిచి, నోట పెట్టుకున్నారు. కంసాలి ఇంట ఆడవాళ్ళు ఊదుగొట్టం నోట పెట్టడం నేను విని ఉండలేదు. మొదటి ఊదుకి దీపం ఆరిపోయింది. కోడలు నవ్వబోయి మానుకుంది.

"గట్టిగా కాదు మాణిక్యం" అన్నాడాయన. "బుగ్గలో గాలి నింపుకో. ముక్కుతో పీలుస్తూనే ఉండు. ఆపకు."

నాలుగోసారికి మంట సాగింది. అనుభవం లేని ఊపిరి, తడబడే ఊపిరి. కానీ ఆగలేదు. గుండు ఎర్రబడింది, అంచులు మెత్తబడ్డాయి, తిరగడం మొదలెట్టింది. ఆయన పట్టకారుతో పట్టుకుని సుత్తితో సాగదీశాడు, కమ్మచ్చులోంచి లాగాడు. చేతులు ఏదీ మరిచిపోలేదు. పిల్ల నోట్లో బెల్లం ముక్క పెట్టి, ఎడమ చెవి కుట్టి తీగ ముడి తిప్పాడు. పిల్ల కెవ్వుమంది. కోడలు ఎత్తుకుని ఊపుతోంది.

ఆయన తీగ రెండో ముక్క చేతిలో పట్టుకుని, భార్య ముఖం చూడకుండా, నెమ్మదిగా అన్నాడు. "మాణిక్యం. తప్పు జరిగింది."

ఆరేళ్ళుగా ఢిల్లీ నుంచి ఆయన అడుగుతున్న ముక్క అదే.

ఆవిడ పెదవుల మీద మసి. కళ్ళు తుడుచుకుని, "సరే లెండి, రెండో చెవి కానివ్వండి. పిల్ల ఏడుపు మానింది" అన్నారు.

కుట్టాడు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టి వచ్చాడు. ఆ తరవాత ఆయన బతికిన నాలుగేళ్ళూ పాలకొల్లులో పిల్లల చెవులకు ఆయన కుట్టిన ప్రతి తీగకూ ఊదింది మాణిక్యాంబ గారే. ఢిల్లీకి మాత్రం మళ్ళీ ఉత్తరం రాయలేదు.